తప్పటడుగుల విలువ

మన తెలుగులో 'తప్పటడుగు' అను చక్కని మాట ఒకటి కలదు. నడక నేర్చుచున్న పసిబిడ్డ తడబడుచు వేయు అడుగులకు అది పేరు. బిడ్డ రెండడుగులు వేసి కూలబడినప్పుడు ఇంటిల్లిపాదియు చప్పట్లు కొట్టి సంతోషింతురు. "పడిపోయితివి, నీకు నడక రాదు, ఇక కూర్చుండుము" అని ఏ తల్లియు అనదు. బిడ్డ మరల లేచును, మరల పడును. ఆ పడుటలోను లేచుటలోను నడక అలవడును. కాని అదే బిడ్డ పెరిగి పెద్దవాడై, ఒక పనిముట్టును చేతబట్టి పని నేర్వబూనినప్పుడు లోకము తీరు మారిపోవును. అప్పుడు 'తప్పటడుగు వేసినాడు' అను మాట నింద అగును. ఊయల నాడు ముచ్చటగా ఉన్న మాట యౌవనమున మచ్చగా ఎట్లు మారినది? ఈ మార్పు వలన విద్యార్థికి కలుగు నష్టమెంత? చేతితో చేయు విద్యలలో పొరపాటునకు గల స్థానమేది? ఈ ప్రశ్నలను గూర్చి ఈ వ్యాసములో కొంత విచారింప దలచితిమి.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఆంగ్ల తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లో ప్రకటించిన తన గ్రంథమున జ్ఞానమును రెండు విధములుగా విభజించి చూపినాడు. ఒకటి విషయము తెలియుట, రెండవది పని చేయ తెలియుట. హైదరాబాదు నగరము మూసీ నది ఒడ్డున ఉన్నదని తెలియుట మొదటి రకము. మూసీలో నీరున్న దినములలో దానిని ఈది దాటగలుగుట రెండవ రకము. మొదటి దానిని ఒకరు చెప్పగా వినియో, గ్రంథమున చదివియో పొందవచ్చును. రెండవ దానిని అట్లు పొందుటకు వీలు లేదు. గట్టున కూర్చుండి ఈత శాస్త్రమును ఎంత చదివినను, నీటిలో దిగి నాలుగు గుటకలు నీరు మ్రింగనిదే ఈత రాదు.

సైకిలు సంగతి చూడుడు. సైకిలు ఎడమ ప్రక్కకు ఒరిగినప్పుడు హ్యాండిలును ఏ వైపునకు త్రిప్పవలెను? క్రొత్తగా నేర్చుకొనువాడు భయముతో కుడి వైపునకు లాగుకొనును, వెంటనే పడిపోవును. ఏ వైపునకు ఒరిగినదో ఆ వైపునకే హ్యాండిలును కొంచెము త్రిప్పినచో చక్రములు శరీరము బరువు క్రిందికి వచ్చి సైకిలు నిలబడును. ఈ సూత్రమును ఒక్క వాక్యములో చెప్పవచ్చును. కాని ఆ వాక్యమును కంఠస్థము చేసినవాడు సైకిలు త్రొక్కలేడు. త్రొక్కగలవారిలో పెక్కుమందికి ఆ వాక్యమే తెలియదు. పడిన ప్రతిసారియు వారి చేతులు ఆ సూత్రమును కొంత కొంతగా గ్రహించినవి. అనగా ఆ విద్యను వారికి నేర్పినది పాఠ్యగ్రంథము కాదు, పడుటయే. 'పడ్డవాడు చెడ్డవాడు కాడు' అను మన సామెత ఇక్కడ అక్షరాల నిజమగుచున్నది.

శరీరము పాఠము నేర్చుకొను విధము

పొరపాటు లేక చేయి ఏల నేర్వజాలదు? దీనికి శాస్త్రజ్ఞులు చూపిన నిదర్శనము ఒకటి మిక్కిలి ఆసక్తికరమైనది. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశమునకు చెందిన హెల్మ్‌హోల్ట్స్ అను మహాశాస్త్రవేత్త గాజు పట్టకములు అమర్చిన కళ్లద్దములతో చేసిన పరిశీలన అది. ఆ అద్దములలో వస్తువులన్నియు ఉన్నచోటు కంటె కొంచెము ప్రక్కగా, కుడివైపుగా అనుకొందము, కనిపించును. వాటిని ధరించినవాడు బల్లపై నున్న వస్తువును వ్రేలితో తాకబోగా, వ్రేలు కుడి ప్రక్కకు పోవును. రెండవసారి తప్పు కొంత తగ్గును. కొన్ని ప్రయత్నముల తరువాత వ్రేలు సరిగా వస్తువుపైననే పడును. ఇప్పుడు అద్దములు తీసివేసిన యెడల వింత జరుగును. ఏ దోషమును లేని స్వంత కన్నులతో చూచుచున్నను, వ్రేలు ఈ మారు ఎడమ ప్రక్కకు తప్పిపోవును! అనగా ఆ కొద్ది పొరపాటుల నుండియే చేయి తన లెక్కను మార్చుకొని స్థిరపరచుకొన్నది. మరల కొన్ని పొరపాటులు చేసిన పిదపనే పాత లెక్క తిరిగి వచ్చును. తాను ఎంత తప్పినదో, ఏ దిక్కునకు తప్పినదో తెలియనిదే చేయి తన్ను తాను దిద్దుకొనజాలదు.

మెదడులో ఈ దిద్దుబాటు జరుగు స్థానములలో ముఖ్యమైనది తల వెనుక భాగమున నుండు చిన్న మెదడు. 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ అను శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి సిద్ధాంతములను ప్రతిపాదించిరి. చిన్న మెదడులోనికి వచ్చు ఒక విధమైన నాడీతంతువులు ఉపాధ్యాయుని వలె పనిచేయుననియు, వాటి సంకేతముల వలననే కదలికలకు సంబంధించిన నాడీ సంధులు మార్పు చెందుననియు వాటి సారాంశము. ఆ తరువాత జపాను శాస్త్రజ్ఞుడు మసావో ఇటో చేసిన ప్రయోగములు ఈ భావమునకు బలము చేకూర్చినవి. కావున పొరపాటు అభ్యాసమునకు అడ్డు అని తలచుట సరికాదు. అభ్యాసమునకు కావలసిన ముడి సరుకు అదియే.

దిద్దుట అను మాట

ఈ సత్యము మన భాషకు శాస్త్రజ్ఞుల కంటె ముందే తెలియును. 'దిద్దు' అను క్రియను గమనింపుడు. పిల్లవాడు పలకపై గురువు వ్రాసిన ఒరవడి మీద బలపమును నడపుటను అక్షరములు దిద్దుట అందుము. ఉపాధ్యాయుడు వ్యాసములోని దోషములను సవరించుటను తప్పులు దిద్దుట అందుము. నేర్చుటకును సవరించుటకును తెలుగువారు ఒకే మాటను వాడుకొనిరి. నేర్చుట యనగా మాటిమాటికి సవరించుకొనుటయే అను భావము ఇందులో ఇమిడి యున్నది.

ఉర్దూ, పారసీ, అరబ్బీ లిపుల సుందర లేఖన విద్యలో, అనగా ఖుష్‌నవీసీలో, ఇదే భావము రెండు మాటలుగా కనిపించును. షాగిర్దు చేయు అభ్యాసమును 'మష్క్' అనియు, ఉస్తాదు చేయు సవరణను 'ఇస్లాహ్' అనియు అందురు. ఈ రెండును జత కూడినప్పుడే విద్య. పదవ శతాబ్దమున బాగ్దాదు నగరమున వజీరుగా నుండి 940లో మరణించిన ఇబ్న్ ముక్లా ఈ లేఖన కళకు కొలతను స్థాపించిన మహనీయుడు. కలము మొనతో పెట్టిన చుక్క ఆ కొలతకు ప్రమాణము. అక్షరముల ఎత్తు, పొడవు, వంపు అన్నియు చుక్కలతో కొలువబడును. మనకు పరిచితమైన నస్తలీఖ్ లిపిలో అలిఫ్ అక్షరపు ఎత్తు సాధారణముగా మూడు చుక్కలు.

ఈ చుక్క చేసిన మేలేమనగా, అది పొరపాటును కొలుచుటకు వీలు కల్పించినది. "నీ వ్రాత బాగుగా లేదు" అనిన షాగిర్దునకు దుఃఖము తప్ప మరేమియు మిగులదు. "నీ అలిఫ్ అర చుక్క పొట్టిగా ఉన్నది" అనిన యెడల తరువాతి అక్షరము ఎట్లు వ్రాయవలెనో వాని చేతికి తెలియును. మొదటి మాట మనిషిని తప్పు పట్టుచున్నది. రెండవ మాట అక్షరమును తప్పు పట్టుచున్నది. మంచి ఉస్తాదునకును కఠినుడైన ఉస్తాదునకును గల భేదము ఇంతియే. పూర్వము బాలురు ముల్తానీ మట్టి పూసిన కొయ్య తఖ్తీపై రెల్లు కలముతో వ్రాసి, కడిగి, మరల మట్టి పూసి, మరల వ్రాసెడివారు. మన పలక కూడ అట్టిదే. వంద తప్పులకు తావిచ్చి, వందసార్లు తుడిచి, మరల శుభ్రముగా ఎదుట నిలుచు పరికరము అది. పలకపై వ్రాయుటకు ఏ బాలుడును భయపడడు. ఏలయన అక్కడ తప్పునకు వెల లేదు.

తప్పు కంటికి కనబడవలెను

పొరపాటు పాఠము కావలెనన్నచో అది చేసినవానికి స్పష్టముగా కనబడవలెను. అన్ని వృత్తులవారును తమ తమ అనుభవముతో ఈ రహస్యమును గ్రహించి తగిన ఉపాయములను కల్పించుకొనిరి. ఫిట్టరు పని నేర్చు విద్యార్థికి తొలినాళ్లలో ఇచ్చు పని ఇనుప దిమ్మెను ఆకురాయితో రాచి సమతలముగా చేయుట. చేయి ఎత్తి దించుటలో తేడా వలన మధ్యభాగము ఉబ్బెత్తుగా మిగిలిపోవుట క్రొత్తవారందరికిని సహజము. దిమ్మెపై మూలమట్టమును నిలిపి వెలుతురునకు ఎదురుగా పట్టి చూచిన, ఎచ్చట లోపమున్నదో అచ్చట వెలుగు రేఖ కనిపించును. మరింత సూక్ష్మమైన పనులలో సమతల ఫలకముపై పలుచగా నీలి రంగు పూసి దానిపై వస్తువును రుద్దుదురు. ఎత్తుగా నున్న చోట్ల మాత్రమే రంగు అంటుకొనును. ఎచ్చట గీకవలెనో ఆ రంగే చెప్పును, గురువు చెప్పనక్కరలేదు.

మన దక్కను ప్రాంతమునకు కీర్తి తెచ్చిన బిద్రీ పనిలో కూడ ఇట్టి ఉపాయమే కలదు. జింకు, రాగి కలిపిన లోహముతో పోత పోసిన పాత్రను నునుపు చేసిన తరువాత, దానిపై మైలుతుత్తపు నీటిని పూసి తాత్కాలికముగా నల్లగా చేయుదురు. ఆ నల్లని తలముపై ఉలితో చెక్కిన ప్రతి గీతయు తెల్లగా మెరసి కనబడును. గీత వంకర పోయిన యెడల అది తక్షణమే కన్నులకు తగులును. వెండి తీగను పొదిగిన పిమ్మటనే బీదరు కోట మట్టితో చేసిన ద్రావణమున కాచి శాశ్వతమైన నలుపును తెప్పింతురు. శాశ్వతమైన నలుపు పట్టక ముందు, తప్పును చూచుకొనుటకై తాత్కాలికమైన నలుపును వేయుటలో గల వివేకము ఎంత గొప్పది!

గురువు ఎంత చెప్పవలెను?

అట్లయిన గురువు ప్రతి తప్పును వెనువెంటనే ఎత్తిచూపుచు, చేయి పట్టి నడిపించుట మేలు గదా అని అనిపించవచ్చును. ఈ విషయమున పరిశోధకులు కనుగొన్నది మన ఊహకు భిన్నముగా ఉన్నది. సాల్మోని, ష్మిట్, వాల్టర్ అను మువ్వురు 1984లో ప్రకటించిన సమీక్షలో, ప్రతి ప్రయత్నము తరువాతను గురువు ఫలితమును తెలుపుచుండిన యెడల అభ్యాసకాలమున పని బాగుగా సాగునే గాని, గురువు తప్పుకొన్న పిమ్మట విద్యార్థి వెనుకబడునని చూపిరి. తన తప్పును తానే కనిపెట్టు శక్తి వానికి అలవడకపోవుటయే ఇందుకు కారణము. ఊతకర్ర అవసరమైనంత వరకే మేలు చేయును. దానికి అలవాటుపడిన కాలు తన బలమును పెంచుకొనదు.

1978లో కెర్, బూత్ అనువారు బాలురతో చేసిన ప్రయోగము కూడ గమనింపదగినది. ఎనిమిదేండ్ల పిల్లలను రెండు జట్లుగా చేసి గింజల సంచులను గురిపై విసరుట నేర్పిరి. ఒక జట్టు 3 అడుగుల దూరము నుండి మాత్రమే అభ్యసించినది. రెండవ జట్టు 2 అడుగులు, 4 అడుగుల దూరముల నుండి అభ్యసించినది, 3 అడుగుల దూరమును ముట్టనేలేదు. చివరకు ఇరు జట్లకును 3 అడుగుల దూరము నుండియే పరీక్ష పెట్టగా, రెండవ జట్టు వారే తక్కువ తప్పులతో గెలిచిరి. ఒకే పనిని ఒకే తీరున చేసినవారి కంటె, ఇటు కొంత అటు కొంత తడబడి సర్దుకొనిన వారికే మెలకువ ఎక్కువ అలవడినది. ఒకే ప్రశ్నను పదిసార్లు వల్లించి పరీక్షకు పోవు మన విద్యార్థులు ఈ ప్రయోగమును మననము చేయవలెను.

అన్ని తప్పులును ఒకటి కావు

ఇంత చెప్పినందున పొరపాటులన్నియు మంచివే అని మా అభిప్రాయము కాదు. మూడు విధములైన తప్పుల విషయమున జాగ్రత్త అవసరము.

మొదటిది, సవరింపబడక మరల మరల జరుగు తప్పు. అభ్యాసము దేనినైనను గట్టిపరచును. ఒప్పును గట్టిపరచినట్లే తప్పును గూడ గట్టిపరచును. కలమును వంకరగా పట్టి వేయిసార్లు వ్రాసినవాడు వంకరగా పట్టుటలో నిపుణుడగును. కావున మష్క్ వెంట ఇస్లాహ్ ఉండి తీరవలెను. తప్పు ఏది, ఏల జరిగినది, ఈసారి ఏమి మార్చవలెను అను మూడు ప్రశ్నలు వేసికొనని తప్పు వృథా.

రెండవది, తిరిగి సరిదిద్దుటకు వీలులేని తప్పు. ఈ విషయమున మన దర్జీ దుకాణములు గొప్ప పాఠశాలలు. పని నేర్వవచ్చిన కుర్రవానికి మాస్టరు మొదట గుండీలు కుట్టుట, అంచులు మడచి కుట్టుట అప్పగించును. చాలకాలము గడచిన తరువాత గాని కత్తెర చేతికీయడు. ఇచ్చినను మొదట పాత వార్తాపత్రికలపై కత్తిరింపు మని చెప్పును. ఇది కేవలము పెత్తనము కాదు. కుట్టును విప్పవచ్చును, కత్తిరింపును విప్పలేము. కావున తప్పిన యెడల కలుగు నష్టము ఏ క్రమమున పెరుగునో, పనిని ఆ క్రమముననే అప్పగించుచున్నారు. దీనికంటె చక్కని బోధన క్రమమును ఏ శిక్షణ కళాశాలయు చెప్పజాలదు.

మూడవది, ప్రాణమునకు ముప్పు తెచ్చు తప్పు. విద్యుత్తు, గాఢ ఆమ్లములు, ఔషధములు, వాహనములు మొదలగు వాటిలో "చేసి చూతము" అను మాట చెల్లదు. అట్టి చోట్ల తప్పుటకు వేరొక రక్షిత స్థలమును కల్పింపవలెను. అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ 1929లో నేలపైననే నిలిచియుండి విమానము వలె ఊగిసలాడు యంత్రమును నిర్మించినాడు. అతని తండ్రిది ఆర్గన్, పియానో వాద్యములు తయారుచేయు కర్మాగారము. ఆర్గనులో వాడు గాలితిత్తులతోనే ఆ యంత్రమును కదలించినాడు. మొదట దానిని వినోదపు బొమ్మగా భావించినవారే హెచ్చు. 1934లో అక్కడి సైన్యము విమాన తపాలా బాధ్యత చేపట్టగా, మేఘములలోను మంచులోను కేవలము పరికరములను చూచి విమానము నడుపుట ఎరుగక పలువురు విమానచోదకులు మరణించిరి. అప్పుడు గాని ఆ యంత్రము విలువ తెలిసి రాలేదు. నేలపై నూరుసార్లు 'కూలిపోయిన' వాడు ఆకాశమున క్షేమముగా ఎగురును. నేటి విమాన శిక్షణాలయములన్నియు ఈ సూత్రమునే అనుసరించుచున్నవి. అంతేకాదు, విమాన ప్రమాదములను విచారించుటలో నిందితుని వెదకుట లక్ష్యము కాదనియు, మరల అట్టి ప్రమాదము జరుగకుండ చూచుటయే లక్ష్యమనియు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమముగా పెట్టుకొన్నది. "తప్పెవరిది?" అని అడిగిన యెడల ప్రతివాడును దాచును. "తప్పెట్లు జరిగినది?" అని అడిగిన యెడల ప్రతివాడును చెప్పును.

దాచిన తప్పు

ఇప్పుడు మన ప్రయోగశాలలోనికి తొంగిచూతము. రసాయన శాస్త్ర విద్యార్థి పిపెట్టుతో ఆమ్లమును కొలిచి కుప్పెలో పోసి, ఫినాఫ్తలీను రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టు నుండి క్షారమును విడచుచుండును. లేత గులాబి రంగు వచ్చి నిలిచిన క్షణమున ఆపవలెను. మొదటిసారి చేయి తడబడి ఎక్కువ విడచుటయు, ద్రవము ముదురు గులాబి యగుటయు సర్వసాధారణము. ఆ ముదురు రంగును చూచినవానికే లేత రంగు ఎంత సున్నితమో, ఒక్క చుక్క ఎంత మార్పు తెచ్చునో తెలియును. రెండవసారి చివరి చుక్కల వద్ద వాని చేయి తానై నెమ్మదించును.

కాని తరచుగా జరుగుచున్నదేమి? మొదటి తప్పు జరుగగానే విద్యార్థి ప్రక్కవాని పుస్తకములోనికి చూచును. అక్కడ ఉన్న అంకెనే తన పుస్తకములో మూడుసార్లు వ్రాసికొనును. మూడు ఫలితములును ఒక్క తీరుగా, ముత్యముల వలె ఉండును. రికార్డు పుస్తకము అందముగా ఉండును, మార్కులు కూడ పడును. చేతికి మాత్రము ఏమియు రాదు. ఇట్టి విద్యార్థి బద్ధకస్థుడని మేము తలచుట లేదు. తప్పునకు వెల కట్టి, ఒప్పు అంకెకు మాత్రమే మార్కు వేయు పద్ధతి వానిని ఆ దారి పట్టించినది. నిజముగా చేసి తప్పిన వానికి సున్నయు, చేయకయే ఒప్పును ఎక్కించిన వానికి పదియు వచ్చునని తెలిసిన తరువాత, పదునెనిమిదేండ్ల యువకుడు ఏ దారిని ఎన్నుకొనును? రేపు అతడు ఔషధ కర్మాగారమున పరీక్షకుడుగా చేరి, ఇదే అలవాటుతో అంకెలు వేసిన యెడల, ఆ మందు మ్రింగు రోగి గతి ఏమి? తప్పునకు శిక్ష వేయుటలో మనము తప్పును పోగొట్టుట లేదు. దానిని ప్రయోగశాలలో నుండి సంఘములోనికి పంపుచున్నాము.

తప్పునకు అయ్యే ఖర్చు

ఇంకొక మాట చెప్పక తప్పదు. పొరపాటు చేయుటకు కూడ ధనము కావలెను. కలవారి బిడ్డ ఒక వస్త్రమును పాడుచేసిన మరియొకటి తెచ్చి యిత్తురు. ఒక పరికరము విరిగిన క్రొత్తది కొందురు. వానికి పది తప్పులు చేయుటకు వీలుండును, కావున వాడు పదకొండవసారి నేర్చుకొనును. పేదవాని బిడ్డకు ఒక్క తప్పే గతి. కుట్టుపని నేర్చు ఆడపిల్ల మీటరు బట్టను తప్పుగా కత్తిరించిన, ఆ పూట ఇంటిలో కూరగాయల ఖర్చు తరిగిపోవును. పరీక్షనాళిక పగిలిన దానికి రుసుము చెల్లింపవలసి వచ్చునను భయముతో, ప్రయోగశాలలో ఒక మూల నిలిచి ఇతరులు చేయుటను చూచి పోవు విద్యార్థులు ప్రతి కళాశాలలోను కొందరుందురు. వారిని మందబుద్ధులని లోకము అనుకొనును. వారికి కొరత పడినది బుద్ధి కాదు, తప్పు చేయుటకు అవకాశము.

మన కళాశాలకు వచ్చు విద్యార్థులలో పెక్కుమంది చేతివృత్తులవారి, చిన్న వ్యాపారుల ఇండ్ల నుండి వచ్చినవారు. కుటుంబము ఈయలేని ఆ అవకాశమును వారికి విద్యాలయము ఈయవలెను. విద్యాలయము అను సంస్థ ఏర్పడుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనదని మా నమ్మకము. బజారులో తప్పిన కూలి పోవును, నదిలో తప్పిన ప్రాణము పోవును. తప్పినను ఏమియు పోక, నేర్పు మాత్రమే మిగులు చోటు ఒకటి సంఘమున ఉండవలెను గదా!

కావున కళాశాల సంఘము వారి ముందు కొన్ని సూచనలు వినయముతో ఉంచుచున్నాము. ప్రయోగశాలకును, కుట్టు, టైపు, కంప్యూటరు, విద్యుత్ పనుల శిక్షణకును ఏటేట ఇచ్చు సామగ్రిలో కొంత భాగమును 'అభ్యాస సామగ్రి' అను పేరుతో వేరు చేసి, అది పాడైనందుకు లెక్క అడుగని ఏర్పాటు చేయవలెను. సామాన్యమైన గాజు సామానుల విషయమున, అజాగ్రత్త వలన గాక అభ్యాసము వలన పగిలిన వాటికి రుసుము మాఫీ చేయవలెను. రికార్డు పుస్తకముతో పాటు చిత్తు పుస్తకమును కూడ పరిశీలించి, తప్పిన ప్రయత్నమును నిజాయితీగా వ్రాసి కారణమును వివరించిన వానికి కొన్ని మార్కులు కేటాయించు పద్ధతిని ఆంతరంగిక పరీక్షలలోనైనను ప్రవేశపెట్టవలెను. వీటికి అయ్యే వ్యయము స్వల్పము, ఫలము అధికము.

ఇక విద్యార్థి మిత్రులకు ఒక మాట. పని నేర్చు మొదటి దినముననే నిపుణుని చేతితో నీ చేతిని పోల్చుకొనకుము. అతడు కడిగివేసిన తఖ్తీలను నీవు చూడలేదు. నేటి నీ చేతిని నిన్నటి నీ చేతితో పోల్చుకొనుము. ఒక చిన్న పుస్తకమునుంచుకొని, ప్రతి దినము ఏ చోట తప్పినావో, ఎంత తప్పినావో, రేపు ఏమి మార్చెదవో మూడు పంక్తులలో వ్రాసికొనుము. "నాకు చేతకాదు" అని వ్రాయకుము. అందులో రేపటికి పనికివచ్చు సమాచారమేమియు లేదు. "అర చుక్క పొట్టి అయినది" అని వ్రాయుము. తోటివాడు తప్పినప్పుడు నవ్వకుము. నీ నవ్వునకు జడిసి వాడు మరల ప్రయత్నింపడు, వాడు ప్రయత్నింపనిచో సంఘము ఒక పనివానిని పోగొట్టుకొనును. తప్పును దాచకుము, దానిని ప్రేమించి కూర్చుండకుము. చూపుము, దిద్దుకొనుము, ముందునకు సాగుము.

చేతి నేర్పు గల యువకులు లేని సంఘము ఎన్ని పట్టములు సంపాదించినను పరుల పనితనముపై ఆధారపడి జీవింపవలసినదే. ఆ నేర్పు మన యువతకు కలుగవలెనన్నచో, గురువులు ఓర్పును, పాలకులు కొంత సామగ్రిని, విద్యార్థులు కొంత ధైర్యమును సమకూర్చిన చాలును.